పారిశ్రామిక వివాదాలలో ఆందోళన రూపాలు

వేతనాలు, పనిగంటలు, పని పరిస్థితులు, ఉద్యోగ భద్రత వంటి అంశాలపై కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య వివాదం తలెత్తినప్పుడు, ఎదుటి పక్షంపై ఒత్తిడి తేవడానికి ఒక పక్షం సమష్టిగా చేపట్టే చర్యలను పారిశ్రామిక ఆందోళన అంటారు. కార్మికుల వైపు నుంచి సమ్మె, యాజమాన్యం వైపు నుంచి లాకౌట్ వీటిలో ప్రధానమైనవి. పెన్ డౌన్, వర్క్ టు రూల్, గో స్లో, మూకుమ్మడి సెలవు, ఘెరావ్, పికెటింగ్, ధర్నా, రిలే నిరాహార దీక్ష తదితరాలు ఇతర రూపాలు. ఈ వ్యాసం భారతదేశంలోని ఆందోళన రూపాలను ప్రధానంగా వివరిస్తుంది. అవసరమైన చోట ఇతర దేశాల పరిస్థితినీ, తెలుగు ప్రాంతాల అనుభవాన్నీ ప్రస్తావిస్తుంది.

## నిర్వచనం, పరిధి

కార్మికుల చేతిలో ఉన్నది శ్రమ, యాజమాన్యం చేతిలో ఉన్నది ఉపాధి. వివాదం ముదిరినప్పుడు ఎవరి చేతిలో ఉన్నదాన్ని వారు నిలిపివేయడమే ఆందోళన రూపాలన్నిటికీ మూలం. ఒక చర్యను పారిశ్రామిక ఆందోళనగా గుర్తించడానికి సాధారణంగా మూడు లక్షణాలు చూస్తారు. అది సమష్టి చర్య కావాలి. ఒక్క ఉద్యోగి అలిగి పనికి రాకపోవడం సమ్మె కాదు. అది తాత్కాలికం కావాలి. ఉద్యోగ సంబంధం తెగిపోదు, పని మాత్రమే ఆగుతుంది. దాని వెనుక ఒక డిమాండ్ గానీ నిరసన గానీ ఉండాలి.

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ప్రకారం ఒక పరిశ్రమలో పనిచేసే వ్యక్తుల బృందం కూడబలుక్కుని పని నిలిపివేయడం, లేదా ఉమ్మడి అవగాహనతో పనిచేయడానికి నిరాకరించడం సమ్మె. పనిస్థలాన్ని తాత్కాలికంగా మూసివేయడం, పని ఆపివేయడం, లేదా పనిలో ఉన్నవారిని కొనసాగించడానికి యజమాని నిరాకరించడం లాకౌట్. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 సమ్మె నిర్వచనాన్ని విస్తరించింది. ఒక సంస్థలో 50 శాతం లేదా అంతకు మించిన కార్మికులు ఒకే రోజున కూడబలుక్కుని క్యాజువల్ సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది.

## చరిత్ర

### ప్రపంచంలో

లిఖిత ఆధారం ఉన్న తొలి పని నిలిపివేతల్లో ఒకటి ప్రాచీన ఈజిప్టులో జరిగింది. క్రీ.పూ. 12వ శతాబ్దంలో, మూడవ రామెసీస్ పాలనాకాలంలో, రాజసమాధులు నిర్మించే దేర్ ఎల్ మదీనా పనివారు తమకు రావలసిన ధాన్యం ఆలస్యం కావడంతో పని వదిలి, ఆలయాల దగ్గర బైఠాయించారు. ఈ వివరాలు పపైరస్ పత్రాల్లో ఉన్నాయి.

ఆధునిక సమ్మె పారిశ్రామిక విప్లవంతో రూపుదిద్దుకుంది. బ్రిటన్ 1799, 1800 చట్టాలతో కార్మికులు సంఘంగా ఏర్పడడాన్ని నేరం చేసి, 1824లో వాటిని రద్దు చేసింది. 1906 చట్టం అక్కడి సంఘాలకు సమ్మె నష్టాల దావాల నుంచి రక్షణ ఇచ్చింది. అమెరికాలో 8 గంటల పనిదినం కోసం 1886 మే నెలలో సాగిన సమ్మెలు, షికాగో హేమార్కెట్ ఘటన మే దినోత్సవానికి నేపథ్యమయ్యాయి. 1936 డిసెంబరు 30 నుంచి 1937 ఫిబ్రవరి 11 వరకు ఫ్లింట్ నగరంలో జనరల్ మోటార్స్ కార్మికులు ఫ్యాక్టరీలలోనే బైఠాయించి తమ సంఘానికి గుర్తింపు సాధించారు.

### భారతదేశంలో

1862లో హౌరా రైల్వే కార్మికులు 8 గంటల పనిదినం కోరుతూ పని ఆపారు. 1877లో నాగపూర్ ఎంప్రెస్ మిల్లులో వేతనాలపై సమ్మె జరిగింది. 1908లో బాలగంగాధర తిలక్‌కు విధించిన ఆరేళ్ల శిక్షకు నిరసనగా బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పనికి దూరంగా ఉన్నారు.

1918 అహ్మదాబాద్ మిల్లుల వివాదం అప్పటి వరకు కార్మికులకు చెల్లిస్తూ వచ్చిన ప్లేగు బోనస్‌ను నిలిపివేయడంతో మొదలైంది. ఫిబ్రవరి 22న యాజమాన్యాలు లాకౌట్ ప్రకటించాయి. గాంధీ, అనసూయా సారాభాయ్ నాయకత్వంలో కార్మికులు 35 శాతం వేతన పెంపు డిమాండ్‌పై నిలబడ్డారు. గాంధీ నిరాహార దీక్ష తరువాత వివాదం మధ్యవర్తికి చేరింది. మధ్యవర్తి 35 శాతం పెంపును ఖరారు చేశారు. ఒకే వివాదంలో లాకౌట్, సమ్మె, దీక్ష, మధ్యవర్తిత్వం కలిసివచ్చిన ఉదంతంగా ఇది చరిత్రలో నిలిచింది.

అదే ఏడాది మద్రాసులో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు వివాదంలో యాజమాన్యం సంఘ నాయకులపై దావా వేయడంతో సంఘాలకు చట్టరక్షణ అవసరమన్న సంగతి స్పష్టమైంది. 1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) ఆవిర్భవించింది. ట్రేడ్ యూనియన్ల చట్టం 1926లో వచ్చింది.

స్వాతంత్ర్యానంతర కాలంలో 1974 రైల్వే సమ్మె అతి పెద్దవాటిలో ఒకటి. జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో మే 8 నుంచి 27 వరకు సుమారు 17 లక్షల మంది ఇందులో పాల్గొన్నారు. బోనస్, రన్నింగ్ సిబ్బందికి 8 గంటల పని ప్రధాన డిమాండ్లు. ప్రభుత్వం పెద్దఎత్తున అరెస్టులు చేసింది. డిమాండ్లు నెరవేరకుండానే సమ్మె ముగిసింది. రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకత ఆధారిత బోనస్ 1979లో వచ్చింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మెలో దాదాపు 2.5 లక్షల మంది పాల్గొన్నారు. దాన్ని విరమిస్తున్నట్లు అధికారికంగా ప్రకటించలేదు. అనేక మిల్లులు తిరిగి పూర్తిస్థాయిలో తెరుచుకోలేదు.

### తెలుగు ప్రాంతాలలో

బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన వి.వి. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, 1928లో వారి సమ్మెకు నాయకత్వం వహించారు. వివాదాలను తప్పనిసరి తీర్పులకు వదలడం కన్నా ఇరుపక్షాలు స్వచ్ఛందంగా చర్చించి పరిష్కరించుకోవడం మేలన్న ఆయన వాదన కార్మిక సంబంధాల అధ్యయనంలో ‘గిరి విధానం’గా ప్రసిద్ధం. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చడాన్ని నిరసిస్తూ 1954లో రాజీనామా చేశారు.

సింగరేణి బొగ్గు గనులు తెలుగునాట సమ్మెల చరిత్రకు ముఖ్య కేంద్రం. ఒకరోజు పని మానితే ఎనిమిది రోజుల వేతనం కోసే పద్ధతికి వ్యతిరేకంగా 1981లో అక్కడ 56 రోజుల సమ్మె జరిగింది. 1998 నుంచి అక్కడ గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటున్నారు.

2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, సింగరేణి, ఆర్టీసీ కార్మికులు పాల్గొన్నారు. దాని లక్ష్యం ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం. సమైక్యాంధ్ర కోరుతూ 2013 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సీమాంధ్ర ఉద్యోగులు సమ్మె చేశారు. ఈ రెండూ వేతన వివాదాలు కావు. ఉద్యోగ సంఘాల నిర్మాణం ద్వారా సాగిన రాజకీయ సమ్మెలు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న డిమాండ్‌తో 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మెను 52వ రోజున, నవంబరు 25న సంఘాలు విరమించాయి. విలీన బిల్లు 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదం పొందింది.

## పని పూర్తిగా నిలిపే రూపాలు

నిరవధిక సమ్మె. ముగింపు తేదీ ప్రకటించకుండా, డిమాండ్లు నెరవేరే వరకు అంటూ చేసేది. ఆర్థిక భారం ఇరువైపులా రోజురోజుకూ పెరుగుతుంది కనుక సంఘాలు దీన్ని చివరి దశలో చేపడతాయి.

టోకెన్ సమ్మె. కొన్ని గంటలు, ఒకటి రెండు రోజులకు పరిమితమైన హెచ్చరిక సమ్మె. బ్యాంకు, బీమా సంఘాలు తరచు ఈ పద్ధతి అనుసరిస్తాయి.

మెరుపు సమ్మె. నోటీసు ఇవ్వకుండా అప్పటికప్పుడు దిగేది. గనిలో ప్రమాదం, సహోద్యోగిపై దాడి, అకస్మాత్తు సస్పెన్షన్ వంటివి దీనికి కారణమవుతాయి. నోటీసు తప్పనిసరి అయిన చోట ఇది చట్టవిరుద్ధం.

సానుభూతి సమ్మె. తమకు ప్రత్యక్ష వివాదం లేకపోయినా, సమ్మెలో ఉన్న ఇతర కార్మికులకు మద్దతుగా చేసేది.

సార్వత్రిక సమ్మె. అనేక రంగాలు ఒకేసారి పని ఆపడం. బ్రిటన్‌లో 1926 మే 3 నుంచి 12 వరకు జరిగినది ప్రసిద్ధం. భారతదేశంలో కేంద్ర కార్మిక సంఘాల ఉమ్మడి పిలుపుపై జరిగే దేశవ్యాప్త సమ్మెలు ఈ కోవకు చెందినవి.

మూకుమ్మడి సెలవు. సమ్మె అని ప్రకటించకుండా అందరూ ఒకే రోజు సెలవు పెట్టడం. 2020 కోడ్‌కు ముందు ఇది సమ్మె అవునా కాదా అన్నది వివాదాంశంగా ఉండేది.

షూటింగుల నిలిపివేత, లాగౌట్. కొత్త రంగాలలో సమ్మె కొత్త ఆకారం దాల్చింది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ షూటింగులు ఆపారు. యాప్‌ల ద్వారా పనిచేసే డెలివరీ, క్యాబ్ కార్మికులు ఒకే సమయంలో యాప్ నుంచి లాగౌట్ అయి సేవలు నిలిపివేస్తారు.

## పని కొంతమేరకే నిలిపే రూపాలు

పెన్ డౌన్, టూల్ డౌన్. ఉద్యోగులు హాజరుపట్టీలో సంతకం చేసి తమ స్థానాల్లో కూర్చుంటారు, పని ముట్టుకోరు. కార్యాలయాల్లో పెన్ డౌన్ అనీ, వర్క్‌షాపుల్లో టూల్ డౌన్ అనీ వ్యవహారం. పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు పెన్ డౌన్‌ను సమ్మెగానే పరిగణించింది.

సహాయ నిరాకరణ. విధులకు హాజరవుతూ ప్రభుత్వ పాలనకు సహకరించకపోవడం. 2011 ఫిబ్రవరి 17 నుంచి 16 రోజులపాటు తెలంగాణ ఉద్యోగులు ఈ పద్ధతి పాటించారు.

వర్క్ టు రూల్. నిబంధనల్లో ఉన్నంత వరకే, ఉన్నది ఉన్నట్టుగా పనిచేయడం. అదనపు గంటలు, అలిఖిత బాధ్యతలు మానేస్తారు. ప్రతి భద్రతా తనిఖీనీ పూర్తిగా నిర్వహిస్తారు. రైల్వే, విద్యుత్ వంటి రంగాల్లో దీనివల్ల పని గణనీయంగా మందగిస్తుంది. నిబంధన ఉల్లంఘన జరగదు కనుక క్రమశిక్షణ చర్య తీసుకోవడం కష్టం.

గో స్లో. కావాలని పని వేగం తగ్గించడం. వేతనం పూర్తిగా తీసుకుంటూ ఉత్పత్తి తగ్గించడం, యంత్రాలకు నష్టం కలిగే అవకాశం దృష్ట్యా న్యాయస్థానాలు దీన్ని తీవ్ర దుష్ప్రవర్తనగా పరిగణించాయి.

ఓవర్‌టైమ్ నిరాకరణ, విధుల పాక్షిక బహిష్కరణ. జూనియర్ డాక్టర్లు మొదట ఔట్ పేషెంట్ సేవలను బహిష్కరించి, అత్యవసర సేవలను కొనసాగించడం దీనికి ఉదాహరణ.

## పనిస్థలాన్ని ఆక్రమించే రూపాలు

బైఠాయింపు సమ్మె. పని ఆపి, ఆవరణ వదలకుండా లోపలే ఉండడం. యాజమాన్యం బయటివారిని తెచ్చి యంత్రాలు నడపకుండా ఇది అడ్డుకుంటుంది. 2011 జూన్‌లో హర్యానాలోని మానేసర్ మారుతి ఫ్యాక్టరీలో కొత్త సంఘం కోసం కార్మికులు 13 రోజులు లోపలే బైఠాయించారు.

ఘెరావ్. యాజమాన్య ప్రతినిధులను చుట్టుముట్టి, డిమాండ్ అంగీకరించే వరకు కదలనీయకపోవడం. 1967లో పశ్చిమ బెంగాల్ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వ కాలంలో ఇది విస్తృతంగా జరిగింది. కార్మిక మంత్రి సుబోధ్ బెనర్జీ పేరు దీనితో ముడిపడింది. ఇందులో అక్రమ నిర్బంధం వంటి నేరాలు జరిగితే సంఘ కార్యకలాపమన్న కారణంతో మినహాయింపు దొరకదని కలకత్తా హైకోర్టు తేల్చింది.

పికెటింగ్. పనిస్థలం గేటు వద్ద నిలబడి, సమ్మెలో చేరని వారిని లోపలికి వెళ్లవద్దని కోరడం. శాంతియుతంగా నచ్చజెప్పడం వరకు ఇది సమ్మతమే. బెదిరింపు, దారి అడ్డగింపు జరిగితే నేరమవుతుంది.

## నిరసన, ప్రచార రూపాలు

పని ఆపకుండానే అసమ్మతి తెలిపే చర్యలు ఇవి. నల్ల బ్యాడ్జీలు ధరించి విధులకు హాజరుకావడం, భోజన విరామ సమయంలో ప్రదర్శన, గేటు మీటింగ్, వినతిపత్రం ఇవ్వడం తొలి మెట్టు. కలెక్టరేట్ల ముందు ధర్నా, ‘చలో’ పిలుపులు, మానవహారం, రాస్తారోకో తరువాతివి. తెలుగు రాష్ట్రాల్లో వంటావార్పు ప్రత్యేకంగా కనిపిస్తుంది. రోడ్డుపైనో ధర్నా శిబిరం వద్దనో వండుకుని సామూహికంగా తినడం దీని పద్ధతి. మోకాళ్లపై నిలబడడం, కళ్లకు గంతలు కట్టుకోవడం, భిక్షాటన వంటివి చిరుద్యోగుల, కాంట్రాక్టు ఉద్యోగుల ఆందోళనల్లో తరచు చోటుచేసుకుంటాయి.

నిరాహార దీక్షలో ఆమరణ దీక్ష, రిలే దీక్ష అని రెండు పద్ధతులున్నాయి. రిలే దీక్షలో రోజుకొక బృందం కూర్చుంటుంది కనుక ఉద్యమాన్ని దీర్ఘకాలం నిలపవచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయానికి వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో నడిచిన రిలే దీక్షలు దీనికి ఉదాహరణ. బంద్ పనిస్థలాన్ని దాటి మొత్తం జనజీవనాన్ని నిలిపివేసే పిలుపు. బలవంతపు బంద్ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది.

## యాజమాన్యం చేపట్టే చర్యలు

లాకౌట్ యాజమాన్యం చేతిలోని ప్రధాన సాధనం. ఉత్తరాంధ్ర జూట్ మిల్లులు, బెంగాల్ జూట్ పరిశ్రమ పలుమార్లు లాకౌట్లను చూశాయి. మానేసర్‌లో 2012 జులై హింసాత్మక ఘటన తరువాత యాజమాన్యం లాకౌట్ ప్రకటించి, ఆగస్టు 21న ఫ్యాక్టరీని తిరిగి తెరిచింది.

లాకౌట్‌ను లే ఆఫ్, రిట్రెంచ్‌మెంట్, మూసివేతల నుంచి వేరుగా చూడాలి. ముడిసరుకు, విద్యుత్ కొరత వంటి కారణాలతో పని ఇవ్వలేకపోవడం లే ఆఫ్. అర్హులైన కార్మికులకు మూల వేతనం, కరువు భత్యంలో సగం పరిహారంగా చెల్లించాలి. మిగులు సిబ్బంది పేరుతో తొలగించడం రిట్రెంచ్‌మెంట్. సంస్థను శాశ్వతంగా ఎత్తివేయడం మూసివేత. లాకౌట్ మాత్రం వివాదంలో ఒత్తిడి కోసం చేసే తాత్కాలిక చర్య.

సస్పెన్షన్లు, బదిలీలు, ‘పని లేనిదే వేతనం లేదు’ సూత్రం అమలు, తాత్కాలిక సిబ్బందితో పని నడిపించడం ఇతర చర్యలు. చట్టబద్ధంగా సాగుతున్న సమ్మె కాలంలో కొత్త కార్మికులను నియమించడం అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉంది.

## ఆందోళన సాగే క్రమం

సంఘం ముందుగా డిమాండ్ల పత్రం ఇస్తుంది. చర్చలు ఫలించకపోతే నల్ల బ్యాడ్జీలతో మొదలై ధర్నాల వరకు దశలవారీ కార్యాచరణ ప్రకటిస్తారు. ఒకే సంస్థలో అనేక సంఘాలున్న చోట సంయుక్త కార్యాచరణ సమితి (జేఏసీ) ఏర్పడుతుంది. ఆపై సమ్మె నోటీసు ఇస్తారు. నోటీసు అందాక కార్మిక శాఖకు చెందిన కన్సిలియేషన్ అధికారి ఇరుపక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. ఒప్పందం కుదిరితే అది లిఖితపూర్వక సెటిల్‌మెంట్ అవుతుంది. కుదరకపోతే వివాదం మధ్యవర్తికి గానీ ట్రిబ్యునల్‌కు గానీ వెళుతుంది.

సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుందనేది కార్మికుల ఐక్యత, సమ్మె నిధి, సరుకు నిల్వలు, ప్రత్యామ్నాయ సిబ్బంది లభ్యత, ప్రభుత్వ వైఖరి, ప్రజల మద్దతుపై ఆధారపడి ఉంటుంది. గోదాములు నిండి ఉన్నప్పుడు సమ్మె ఒత్తిడి తగ్గుతుంది. నిల్వ చేయలేని రవాణా, విద్యుత్, వైద్య సేవల్లో ప్రభావం తక్షణమే కనిపిస్తుంది.

## చట్టపరమైన స్థితి

### భారతదేశం

సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19(1)(సి) అధికరణం కింద ప్రాథమిక హక్కు. సమ్మె హక్కు అందులో భాగం కాదని సుప్రీంకోర్టు 1962లో పేర్కొంది. 2003లో టి.కె. రంగరాజన్ కేసులో, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక, చట్టబద్ధ, నైతిక హక్కు లేదని తీర్పు చెప్పింది. పరిశ్రమల కార్మికులకు మాత్రం సమ్మె, చట్టం గుర్తించి షరతులతో నియంత్రించిన సాధనం.

1947 చట్టం ప్రజోపయోగ సేవలకు మాత్రమే ముందస్తు నోటీసును తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని అన్ని పారిశ్రామిక సంస్థలకూ విస్తరించింది. నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మెకు దిగకూడదు. నోటీసు 60 రోజుల వరకే చెల్లుతుంది. రాజీ యత్నాలు సాగుతున్నప్పుడు, అవి ముగిసిన 7 రోజుల వరకు, ట్రిబ్యునల్ విచారణ కాలంలో, ఆ తరువాత 60 రోజుల వరకు సమ్మె నిషిద్ధం. లాకౌట్‌కూ ఇవే షరతులు. ఈ షరతుల వల్ల చట్టబద్ధ సమ్మె దాదాపు అసాధ్యమవుతుందని కేంద్ర కార్మిక సంఘాలు విమర్శిస్తున్నాయి. ఆకస్మిక అంతరాయాలు తగ్గి చర్చలకు వ్యవధి దొరుకుతుందని ప్రభుత్వం, పరిశ్రమ వర్గాలు అంటున్నాయి.

సమ్మె కాలపు వేతనంపై, సమ్మె చట్టబద్ధమూ న్యాయసమ్మతమూ అయితేనే వేతనం పొందవచ్చని సుప్రీంకోర్టు 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో స్పష్టం చేసింది. గో స్లో, ఘెరావ్, పనివేళల తరువాత ఆవరణలో బైఠాయింపు, అధికారుల ఇళ్ల ముందు ప్రదర్శనలను చట్టం అనుచిత కార్మిక విధానాలుగా పేర్కొంది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) కింద ప్రభుత్వాలు నిర్దిష్ట సేవల్లో సమ్మెలను నిషేధించవచ్చు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ సిబ్బందిపై దీన్ని ప్రయోగించింది.

### ఇతర దేశాలు, అంతర్జాతీయ ప్రమాణాలు

బ్రిటన్‌లో సమ్మెకు ముందు సభ్యుల బ్యాలెట్ అవసరం. జర్మనీలో సామూహిక ఒప్పందం లక్ష్యంగా ఉన్న సమ్మెలకే రక్షణ ఉంది. రాజకీయ సమ్మెలు అనుమతించరు. అమెరికాలో 1935 వాగ్నర్ చట్టం సమ్మెకు రక్షణ కల్పించింది. 1947 టాఫ్ట్ హార్ట్‌లీ చట్టం వివాదంతో సంబంధం లేని సంస్థలపై బహిష్కరణను నిషేధించింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 87వ ఒడంబడిక, 1948 సంఘ స్వేచ్ఛను గుర్తిస్తుంది. అందులో సమ్మె ప్రస్తావన లేకపోయినా, సంస్థ పర్యవేక్షక సంఘాలు సమ్మె హక్కు దానిలో అంతర్భాగమని వ్యాఖ్యానించాయి. ఈ వ్యాఖ్యానాన్ని యాజమాన్య ప్రతినిధులు అంగీకరించకపోవడంతో 2023లో ఈ అంశాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయానికి నివేదించారు. భారతదేశం 87, 98 ఒడంబడికలను ధ్రువీకరించలేదు.

## ప్రభావం, ప్రాముఖ్యం

ఆందోళనల ప్రత్యక్ష నష్టాన్ని కోల్పోయిన పనిదినాలతో లెక్కిస్తారు. కార్మికులకు వేతన నష్టం, యాజమాన్యానికి ఉత్పత్తి నష్టం, వినియోగదారులకు అసౌకర్యం కలుగుతాయి. ఈ లెక్కకు పరిమితులున్నాయి. వర్క్ టు రూల్, గో స్లో, నల్ల బ్యాడ్జీల నిరసన పనిదినాల గణాంకాలలో కనిపించవు. కాంట్రాక్టు, అసంఘటిత రంగ కార్మికుల ఆందోళనలు చాలావరకు నమోదు కావు.

దీర్ఘకాలిక ఫలితాలు సమ్మె గెలుపోటములతోనే ముడిపడి ఉండవు. విఫలమైన 1974 రైల్వే సమ్మె డిమాండ్లలో కొన్ని తరువాత అమలయ్యాయి. 2019 ఆర్టీసీ సమ్మె డిమాండ్ నాలుగేళ్లకు చట్టరూపం దాల్చింది. మరోవైపు, బొంబాయి మిల్లుల సమ్మె లక్షలాది కుటుంబాల ఉపాధి పతనంతో కలిసిపోయింది. 8 గంటల పనిదినం, బోనస్, సంఘాల గుర్తింపు, సామూహిక బేరసారాల వ్యవస్థ రూపొందడంలో ఆందోళనలకు ప్రధాన పాత్ర ఉంది. చర్చలు ఎంత సమర్థంగా సాగితే ఆందోళనల అవసరం అంత తగ్గుతుందన్నది, పని ఆపగల శక్తి లేని పక్షానికి చర్చల్లో బలం ఉండదన్నది కార్మిక సంబంధాల అధ్యయనంలో పక్కపక్కనే నిలిచే రెండు సూత్రాలు.

## ఇవి కూడా చూడండి

అహ్మదాబాద్ మిల్లుల సమ్మె (1918); ఎస్మా; కార్మిక సంఘాలు; గిరి, వి.వి.; ట్రేడ్ యూనియన్ల చట్టం (1926); పారిశ్రామిక సంబంధాల కోడ్ (2020); మే దినోత్సవం; లాకౌట్; సకల జనుల సమ్మె; సామూహిక బేరసారాలు; సింగరేణి కాలరీస్.